తకిలీ మీద నూలు ఎందుకు తెగుతుంది?

మీరు అడిగినవన్నీ ముందు ఒకచోట పెట్టుకుంటాను. 60 గ్రాముల చెక్క తకిలీ, అంటే చేత్తో తిప్పి నూలు వడికే బిళ్ల ఉన్న పుల్ల, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నారు. ఇంట్లో ఉన్న దూదితో మొదలుపెడితే జానెడు దారం వచ్చేలోపే తెగి, తకిలీ నేల మీద పడుతోంది. ఉన్నితో మొదలుపెట్టమని ఒకరు, ఈ అవస్థ ఎందుకు రాట్నమే కొనుక్కోమని మరొకరు చెప్పారు. పైగా మీది ఎడమచేతి వాటం, అది అడ్డమవుతుందేమోనని సందేహం.

మీ చేతిలో లోపమేమీ లేదు. ఆ తకిలీకీ ఆ దూదికీ పొసగదు, అంతే. 60 గ్రాముల చెక్క తకిలీని ఉన్ని కోసం చేస్తారు. గాలిలో వేలాడుతూ తిరిగే తకిలీ బరువంతా అప్పుడే పుడుతున్న దారమే మోయాలి. పొడవాటి ఉన్ని పీచు ఆ బరువును మోస్తుంది. అంగుళం పొడవున్న పత్తి పీచు, అదీ ఇంకా చేయి తిరగనివారు వడికినది, మోయలేదు. ఎంత అనుభవం ఉన్నవారికైనా ఆ తకిలీని వేలాడదీసి పత్తితో సన్నని నూలు వడకడం కష్టమే. కాబట్టి తకిలీ అయినా మార్చాలి, దూది అయినా మార్చాలి. ఏది మార్చాలో చెప్పేముందు దారం లోపల ఏం జరుగుతుందో చెప్పాలి, ఎందుకంటే అది పట్టుబడితే మిగతా సలహాలన్నీ మీకే తోస్తాయి.

చిటికెడు దూది తీసుకుని రెండు చేతులతో మెల్లగా లాగండి. పీచు ఒకదాని మీద ఒకటి జారుతూ విడిపోతుంది. మళ్లీ అంతే దూది తీసుకుని, ఈసారి వేళ్ల మధ్య మెలిపెట్టి లాగండి. తెంచడానికి బలం కావాలి. దూదిలో కొత్తగా ఏమీ చేరలేదు, పురి ఒక్కటే చేరింది. పురి ఎక్కిన పీచును లాగినకొద్దీ ఒకదాన్నొకటి మరింత గట్టిగా ఒత్తుకుంటుంది, అందుకే జారదు. వడకడమంటే ఉన్నవి రెండే పనులు: పీచును కావలసినంత సన్నగా సాగదీయడం, సాగిన చోటికి పురి పంపడం. పురి ముందే వెళ్లిపోతే పీచు బిగుసుకుని సాగదు, ముద్దగా నిలిచిపోతుంది. ఆలస్యంగా వెళితే పీచు జారి విడిపోతుంది. కొత్తగా నేర్చుకునేవారి కళ్లు ఎప్పుడూ తిరిగే తకిలీ మీదే ఉంటాయి. అక్కడి నుంచి చూపు తీసి, ఈ క్షణాన పురి దారంలో ఎంతవరకు ఎక్కిందో చూడండి. కొన్నాళ్లకు చూడకుండానే వేళ్లకు తెలుస్తుంది. నేను నేర్పేటప్పుడు మొదట అలవాటు చేయించేది ఇదే, మిగతావన్నీ దీని తరువాతే.

ఈసారి దారం తెగినప్పుడు వెంటనే అతకకుండా ఆ రెండు కొసలనూ వెలుతురులో పెట్టి చూడండి. కొసలు మెత్తగా ఉండి, క్రమంగా సన్నబడుతూ విడిపోయి ఉంటే అక్కడ పురి చాలలేదు. కొసలు పొట్టిగా తుంచినట్టు ఉండి, దారం చుట్టలు చుట్టుకుంటూ వెనక్కి ముడుచుకుపోతుంటే పురి మితిమీరింది. కొత్తలో దాదాపు ఎప్పుడూ మొదటిదే కనిపిస్తుంది. దానికి మామూలుగా రెండు కారణాలు. ఒకటి, తిప్పింది చాలక ముందే పీచు లాగేయడం. రెండోది, తకిలీ మెల్లగా ఆగి, మనం గమనించేలోపు వెనక్కి తిరగడం మొదలుపెట్టడం. అలా వెనక్కి తిరిగినంతసేపూ ఎక్కించిన పురి విడిపోతూనే ఉంటుంది. తకిలీ నేల మీద పడిన ప్రతిసారీ చాలావరకు జరిగేది ఇదే.

ఇంకొక సంగతి. పురి దారమంతా సమానంగా పరుచుకోదు. సన్నగా ఉన్నచోట మెలితిరగడం తేలిక కాబట్టి అక్కడికే ముందు పరుగెత్తుతుంది, లావుగా ఉన్నచోట తక్కువ ఎక్కుతుంది. ముడులు ముడులుగా వచ్చిన దారంలో సన్నటి భాగాలు గట్టిగా బిగిసి, లావు భాగాలు దూదిలా వదులుగా ఉండటం మీరు చూసే ఉంటారు. ఇది ఇబ్బందిగా కనిపిస్తుంది గాని పత్తి వడకడం మొత్తం దీని మీదే నడుస్తుంది. ఎలాగో కింద చెబుతాను.

ఇప్పుడు దూది సంగతి. "ఇంట్లో ఉన్న దూది" అని రాశారు, అది ఏ దూదో రాయలేదు. తెలుగు ఇళ్లలో ఉండే దూది మూడు రకాలు. దిండ్లలో, పరుపుల్లో ఉండే బూరుగు దూది అయితే ఇవాళే పక్కన పెట్టేయండి. బూరుగు పీచు గుండ్రంగా, నున్నగా, లోపల గాలితో బోలుగా ఉంటుంది. నీళ్లలో పడేస్తే తేలేది అందుకే. ఒకదాన్నొకటి పట్టుకునే గుణం దానికి లేదు, పైగా పెళుసు. పత్తి పీచు అలా కాదు. కాయ లోపల ఉన్నప్పుడు రసంతో నిండిన సన్నని గొట్టంలా ఉండి, కాయ పగిలి గాలి తగలగానే ఎండి చదునవుతుంది. అలా అయ్యేటప్పుడు ఎండిన చిక్కుడు తొక్కలా దానంతటదే మెలికలు తిరుగుతుంది. ఆ మెలికల వల్లే పత్తి నూలుగా నిలుస్తుంది.

రెండోది మందుల దుకాణంలో దొరికే దూది. అది పత్తే, కానీ నీరు పీల్చుకోవడానికి దాన్ని రసాయనాలతో ఉడికించి, తెల్లబరిచి, పీచు మీదున్న సహజమైన మైనాన్ని తీసేస్తారు. సాధారణంగా పొట్టి పీచుతోనే చేస్తారు. దానితో నూలు అసలు రాదని అనను, కానీ నేర్చుకునేవారికి అది శిక్ష. మూడోది పూజా సామగ్రి దుకాణాల్లో వత్తుల కోసం అమ్మే పత్తి. మూడింటిలో పనికొచ్చేది ఇదే. గింజతో ఉన్న పత్తి దొరికితే ఇంకా మంచిది. పత్తి పండే ఊళ్లలో మీకు తెలిసినవారు ఎవరైనా ఉంటే ఒక సంచి తెప్పించుకోండి, అరకిలో చాలు.

గింజ తీయడానికి యంత్రం అక్కర్లేదు. నున్నని చెక్కపలక మీద కొద్దిగా పత్తి పరిచి, పెన్సిలంత లావున్న ఇనుప కడ్డీని దాని మీద ఒత్తి ముందుకు దొర్లిస్తే గింజ ఒకవైపు బయటికి వచ్చేస్తుంది, పీచు వెనక మిగులుతుంది. కొద్ది పత్తికైతే వత్తులకు తీసినట్టు వేళ్లతోనే తీసేయవచ్చు. తరువాత ఏకాలి. దూదేకులవారి పెద్ద విల్లు మనకు అవసరం లేదు. ఒక వెదురు బద్దకు గట్టి నారతాడు బిగించి చేసిన చిన్న విల్లు చాలు. దూదిలో ఆ తాడును ఆనించి మీటుతూ ఉంటే పీచు విడివడి నురగలా పొంగుతుంది. అదీ కుదరకపోతే కుక్కల వెంట్రుకలు దువ్వే సన్నని తీగల బ్రష్షులు రెండు కొని, వాటి మధ్య దువ్వండి. ఏకిన దూదిని పలక మీద పలుచగా పరిచి, సన్నని పుల్ల చుట్టూ వదులుగా చుట్టి, అరచేత్తో ఒక్కసారి దొర్లించి పుల్ల లాగేస్తే ఏకు తయారవుతుంది. జానెడు పొడవు, చిటికెన వేలంత లావు ఉంటే చాలు. ఏకును గట్టిగా నొక్కకూడదు. నొక్కితే ఏకిన శ్రమంతా వృథా.

ఈ భాగాన్ని చాలామంది తొందరగా దాటేసి వడకడానికి వచ్చేస్తారు. అక్కడే నష్టపోతారు. పొందూరు ఖాదీ గురించి వినే ఉంటారు. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊరి నేతకు పేరు తెచ్చిన సన్నని నూలు వెనక ఉన్నది దూదిని సిద్ధం చేసే పద్ధతే. అక్కడ గింజ తీయకముందే పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ దవడకున్న దగ్గర దగ్గర పళ్లు చెత్తనూ పొట్టి పీచునూ తీసేసి, మిగిలిన పీచును ఒకే దిశలో నిలబెడతాయి. ఆ తరువాత గింజ తీసి, ఏకి, ఏకులు చుడతారు. ఇన్ని పనులూ అయ్యాకే రాట్నం తిరుగుతుంది. మీకు చేప దవడ అక్కర్లేదు, కానీ దూదికి ఇవ్వవలసిన సమయం వడకడానికి ఇచ్చే సమయంకన్నా తక్కువేమీ కాదని గుర్తుంచుకోండి.

ఇక మీ చేతిలో ఉన్న 60 గ్రాముల తకిలీ. దాన్ని పారేయకండి. దానితో ఉన్ని వడకండి. మొదట ఉన్నితో చేయి సాధన చేసుకుని తరువాత పత్తికి రమ్మనే నేనూ చెబుతాను. ఉన్ని పీచు పొడవు, దాని మీద పొలుసులు, సహజమైన వంకీలు, ఇవన్నీ మన తప్పులను కాచుకుంటాయి. బజారులో దువ్వి, పొడవాటి పట్టెలుగా చుట్టి అమ్మే ఉన్ని దొరుకుతుంది. మెరినో జాతి గొర్రెల ఉన్ని బాగుంటుందని అందరూ దాన్నే కొంటారు, కానీ దువ్విన మెరినో మరీ నున్నగా ఉండి వేళ్లలోంచి జారిపోతుంది. కాస్త గరుకుగా ఉండే మధ్యరకం ఉన్ని తీసుకోండి.

తెలంగాణలో గానీ రాయలసీమలో గానీ ఉన్నట్టయితే దక్కనీ గొర్రెల ఉన్ని ప్రయత్నించండి. నల్లటి, బూడిదరంగు గొంగళ్లు నేసేది దానితోనే. కురుమ, కురుబ కుటుంబాల్లో ఆడవాళ్లు ఉన్ని వడికేవారు. నేతకు ముందు పడుగుకు, అంటే మగ్గం మీది నిలువు పోగులకు, చింతగింజల గంజి పట్టించేవారు. ఆ గొంగడి గొర్రెలకాపరికి వానలో గొడుగు, రాత్రి పడక. కొనేవారు తగ్గిపోయి ఇప్పుడు చాలాచోట్ల కత్తిరించిన ఉన్నిని పారేస్తున్నారు. అడిగితే సంతోషంగా ఇస్తారు. పల్లేరు ముళ్లు, గడ్డి ఏరి, గోరువెచ్చని నీళ్లలో కొద్దిగా సబ్బు వేసి నానబెట్టి కడగండి. నలపకూడదు, వేడినీళ్ల నుంచి ఒక్కసారిగా చన్నీళ్లకు మార్చకూడదు. అలా చేస్తే ఉన్ని గడ్డకట్టుకుపోతుంది. దువ్వాక వచ్చే నూలు మెత్తగా ఉండదు, ఒంటికి తగిలే బట్టకు పనికిరాదు. నేర్చుకోవడానికి మాత్రం చాలా మంచిది, ఎందుకంటే గరుకు పీచు వేళ్లలో ఆగుతుంది. ఒక పిడికెడు ఉన్ని అయినా మళ్లీ నూలుగా మారిందంటే నాకు సంతోషం.

పద్ధతి ఇది. తకిలీ పుల్లకు మూరెడు ఉన్ని దారం గట్టిగా కట్టండి, పత్తి దారం వద్దు. దాన్ని బిళ్ల మీదుగా తీసి పైనున్న కొక్కేనికి తగిలించండి. ఆ దారం కొస విప్పి, మీ ఉన్ని పీచుతో నాలుగు వేళ్ల మేర కలిపి పట్టుకోండి. కుర్చీలో కూర్చోండి. నిలబడి తకిలీని గాలిలో వదలడం రెండో వారంలో చూసుకోవచ్చు. కలిపిన చోట ఒక చేత్తో నొక్కి పట్టి, రెండో చేత్తో తకిలీని గడియారం ముల్లు తిరిగే దిశలో గట్టిగా తిప్పండి. దారంలో పురి నిండుతుంది. వదులుచేసి చూస్తే చుట్టుకుపోయేంత పురి ఎక్కగానే తకిలీని రెండు మోకాళ్ల మధ్య బిగించి పట్టండి. ఇక అది ముందుకూ వెనక్కూ తిరగలేదు.

ఇప్పుడు రెండు చేతులూ ఖాళీ. తకిలీ వైపున్న చెయ్యి దారాన్ని నొక్కి పురిని ఆపుతుంది. రెండో చెయ్యి కొద్దిగా వెనక్కి జరిగి, పీచును మెల్లగా సాగదీస్తుంది. సాగాక నొక్కి పట్టిన వేళ్లను వదలకుండా దారం వెంట వెనక్కి జరపండి, పురి మీ వేళ్ల వెంటే వస్తుంది. మళ్లీ నొక్కండి, మళ్లీ సాగదీయండి. పురి తగ్గినట్టు అనిపిస్తే ఆపి, తకిలీని మళ్లీ తిప్పండి. చేతుల మధ్య దూరం పీచు పొడవుకన్నా కాస్త ఎక్కువ ఉండాలి. తక్కువైతే ఒకే పీచును రెండు కొసల్లో మీరే పట్టుకుని లాగుతుంటారు, ఎంత బలం పెట్టినా కదలదు. మరీ ఎక్కువైతే మధ్యలో విడిపోతుంది. వేళ్లు గట్టిగా బిగుసుకుంటున్నాయంటే ఈ దూరం తక్కువైందని అనుకోండి, దాదాపు ఎప్పుడూ కారణం అదే.

మూరెడు దారం తయారయ్యాక కొక్కెం తీసి, పుల్ల మీద బిళ్లకు దగ్గరగా చుట్టండి. అడుగున లావుగా, పైకి సన్నగా వచ్చేలా చుడితే కండె (పుల్లకు చుట్టిన నూలు) కుదురుగా ఉండి తకిలీ ఊగకుండా తిరుగుతుంది. పీచు అయిపోయినప్పుడు కొత్త పీచును ముడివేయకూడదు. పాత దారం కొసలో పురి విప్పి, పీచు విసనకర్రలా విచ్చుకున్నాక దానిమీద కొత్త పీచు పలుచగా పరిచి, రెండూ కలిపి పురి ఎక్కనివ్వాలి. అతుకు సరిగ్గా పడితే ఎక్కడ పడిందో మీకే కనిపించదు.

ఇలా మోకాళ్ల మధ్య పెట్టి చేయడం చేతకానివారి పద్ధతి అని కొందరు తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. సాగదీయడాన్నీ పురి పెట్టడాన్నీ వేరుచేసి నేర్పే పద్ధతి ఇది, రోజూ అరగంట చొప్పున ఒక వారం చేస్తే చేతులకు లెక్క తెలుస్తుంది. ఆ తరువాత తకిలీని గాలిలో వదిలి, తిరుగుతుండగానే సాగదీయడం దానంతటదే వస్తుంది.

పత్తికి వేరే తకిలీ కావాలి. గాంధీ ఖాదీ ఉద్యమం ఇంటింటికీ చేర్చిన సన్నని లోహపు తకిలీ, ఇత్తడి బిళ్ల, కొసన చిన్న కొక్కెం. బరువు 20 గ్రాములకు మించకూడదు. 1924 డిసెంబరులో బెళగాం కాంగ్రెస్‌లో సభ్యత్వానికి నెలకు 2,000 గజాల నూలు ఇవ్వాలని నిబంధన పెట్టారు. 1937లో వార్ధా విద్యా సమావేశం తరువాత, చేతిపని ద్వారా చదువు చెప్పే బేసిక్ బడుల్లో నూలు వడకడం పాఠంలో భాగమైంది. మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దలు ఉంటే అడిగి చూడండి, బడిలో తకిలీ తిప్పినవారు దొరకవచ్చు. వాళ్ల వేళ్లకు గుర్తున్నది నా వివరణకన్నా ఎక్కువ నేర్పుతుంది.

పత్తికి అంత చిన్న తకిలీ ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. 840 గజాల నూలు చుట్ట ఒక చిలప. అలాంటి చిలపలు ఎన్ని వేస్తే ఒక పౌను తూగుతుందో అదే ఆ నూలు నంబరు. 16 నంబరు నూలు గ్రాముకు సుమారు 27 మీటర్లు వస్తుంది. అది గట్టిగా నిలవాలంటే అంగుళానికి 16 నుంచి 18 పురులు కావాలి, అంటే మీటరుకు ఆరు వందలకు పైనే. పెద్ద బిళ్ల ఉన్న తకిలీ ఎక్కువసేపు తిరుగుతుంది గాని మెల్లగా తిరుగుతుంది. చిన్న బిళ్ల కాసేపే తిరిగినా ఎంతో వేగంగా తిరుగుతుంది. పీచు పొట్టిదయ్యేకొద్దీ, దారం సన్ననయ్యేకొద్దీ పురి ఎక్కువ కావాలి, కాబట్టి వేగం కావాలి. పొందూరులో వడికే 100 నంబరు నూలు గ్రాముకు సుమారు 170 మీటర్లు. ఒక గ్రాము దూది అరచేతిలో పెట్టుకుని ఆ పొడవు ఊహించండి.

లోహపు తకిలీని వేలాడదీయవద్దు. చుట్టకుదురు మీద నున్నని కొబ్బరిచిప్ప పెట్టి, తకిలీ మొనను అందులో ఆనించండి. చిన్న గిన్నె అయినా ఫరవాలేదు. బరువును గిన్నె మోస్తుంది, దారం మీద భారం పడదు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలుతో తకిలీని తిప్పుతూ, ఎడమచేతిలో ఏకును పిట్టను పట్టుకున్నంత వదులుగా పట్టుకుని మెల్లగా దూరం జరపండి. ఇక్కడ ఉన్నిలోలా పురిని నొక్కి ఆపరు. పురిని ఏకు అంచుదాకా రానిస్తూనే చేతిని వెనక్కి తీసుకుపోతారు. దారం ముందు ఎగుడుదిగుడుగా వస్తుంది, బెదరకండి. సన్నటి చోట్ల పురి ఎక్కి బిగుసుకుంటుంది. లావు చోట్ల పురి తక్కువ కాబట్టి అక్కడ పీచు ఇంకా జారగలదు. చేయి ఇంకాస్త లాగితే ఆ లావు భాగాలే సాగి సన్నబడతాయి, బిగిసినవి అలాగే ఉంటాయి. రెండు మూడు క్షణాల్లో దారం మీ కళ్లముందే సమమవుతుంది. అప్పుడు ఏకు దగ్గర నొక్కి పట్టి, తకిలీని మరో రెండు మూడుసార్లు గట్టిగా తిప్పి పురి బిగించండి. ఆ తరువాతే చుట్టాలి. ఆఖరి పురి మరిచిపోతే చుట్టేటప్పుడు తెగుతుంది.

చెయ్యి చెమర్చితే పత్తి వేళ్లకు అంటుకుంటుంది. వత్తులు చేసేవారు అద్దుకున్నట్టే కొద్దిగా విభూతి అద్దుకోండి. మిట్టమధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుని వడకకండి, గాలికి ఏకు చెదిరిపోతుంది, పొడిగాలిలో పీచు పెళుసవుతుంది. ఉదయం పూట కొంచెం తేమ ఉన్నప్పుడు పత్తి బాగా లొంగుతుంది.

వడికిన ఒంటిపోగును అలాగే నేతకు వాడవచ్చు. అల్లికకో కుట్టుకో కావాలంటే పేట వేయాలి, అంటే రెండు మూడు పోగులను కలిపి మెలిపెట్టాలి. మన ఇళ్లలో దీనికి మంచి ఉదాహరణ జంధ్యం. తకిలీ మీద వడికిన మూడు పోగులను కలిపి ఎదురు దిశలో పురిపెట్టి, ఆ దారాన్ని మళ్లీ ముప్పేటగా చేస్తారు. నాలుగు వేళ్ల వెడల్పు కొలతగా 96 కొలతల పొడవు తీస్తారు. ఎదురు పురి ఎందుకంటే, ఒంటిపోగుల్లో మిగిలిన పురి విప్పుకోవాలని చూస్తూ ఒకదాన్నొకటి చుట్టుకుంటుంది, రెండు బలాలూ సమమై దారం నెమ్మదిస్తుంది. ఎంత పురి పెట్టాలో తెలియాలంటే అప్పుడే వడికిన పోగును జానెడు తీసి మధ్యకు మడిచి వదలండి. ఎంత మెలితిరిగిందో పేటకూ అంతే కావాలి.

చివరగా ఉడకబెట్టాలి. పత్తి నూలును చిలపగా చుట్టి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, కొద్దిగా సబ్బు వేసిన నీళ్లలో అరగంటకు పైన సన్నని మంట మీద ఉడికించండి. నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి, అది పత్తిలోని మైనమూ మురికీ. ఆరాక దారం చిక్కుపడకుండా, బలంగా ఉంటుంది. ఉన్నిని మాత్రం ఉడకబెట్టకండి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి నీడలో ఆరవేస్తే చాలు.

రాట్నం ఇప్పుడే కొనవద్దు. రాట్నం తకిలీకన్నా ఎంతో వేగంగా పని చేస్తుంది, ఒక బట్టకు సరిపడా నూలు కావాలంటే చివరికి దాని దగ్గరికే వెళ్లాలి. కానీ అది చెయ్యి చేసే తప్పునే వేగంగా చేస్తుంది. తకిలీ మీద ఒక్క ఏకు మొత్తం తెగకుండా వడకగలిగిన రోజున రాట్నం గురించి ఆలోచించండి. అప్పుడు పెట్టెలో ముడుచుకునే యరవాడ చక్రం చూడండి, ఫ్లాటుల్లో ఉండేవారికి చోటు కలిసొస్తుంది. రాట్నం వచ్చాక కూడా తకిలీని దాచేయకండి. బస్సులోనూ ఆస్పత్రి వరండాలోనూ అది మీతో వస్తుంది.

ఎడమచేతి వాటం అడ్డం కాదు. పైన రాసినదానిలో కుడి ఎడమలు మార్చుకుని చదువుకోండి. మీకు ఏ చేత్తో తిప్పడం హాయిగా ఉంటే ఆ చేత్తో తిప్పండి. చూసుకోవలసిందల్లా దిశ. పైనుంచి చూస్తే తకిలీ గడియారం ముల్లులా తిరిగితే దారం మీది గీతలు కింది ఎడమ నుంచి పై కుడికి వాలుతాయి. ఎదురుగా తిప్పితే గీతలూ ఎదురుగా వాలుతాయి. రెండూ మంచి నూలే, కానీ ఒకే చిలపలో రెండూ కలిస్తే పేట వేసేటప్పుడు ఒక పోగు బిగుసుకుని మరొకటి విడిపోతుంది. నిన్న ఏ దిశలో తిప్పారో రేపటికి గుర్తుండదు. తకిలీ బిళ్ల మీద సుద్దతో గానీ పెన్నుతో గానీ ఒక బాణం గుర్తు గీసి పెట్టుకోండి. మొదటి కండె నిండాక ఒక మీటరు దారం, తెగిన కొసల ఫొటో పంపండి, పురి సంగతి చూసి చెబుతాను.